చౌమహల్లా ప్యాలెస్ – మా ఇంటి పాత కాగితం

ఈసారి గోడపత్రికకు "సెలవుల్లో చూసిన చారిత్రక స్థలం" గురించి రాయమన్నారు. నేను వేసవి సెలవుల్లో మా ఇంటివాళ్ళతో హైదరాబాదు పోయి చౌమహల్లా ప్యాలెస్ చూసి వచ్చాను. పరీక్షకు కూడా పనికి వస్తుందని పాఠంలాగా రాస్తున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

ఎలా వెళ్ళాము

మా కాక హైదరాబాదులో సెంట్రింగు పని చేస్తాడు. "పిల్లలకు పట్నం చూపిద్దాం, రాండ్రి" అని ఫోన్ చేసిండు. పత్తి పైసలు కొన్ని మిగిలినయి కాబట్టి బాపు సరే అన్నాడు. బాపు, అవ్వ, తమ్ముడు, నేను కాగజ్‌నగర్‌లో రైలెక్కి సికింద్రాబాదులో దిగినం. మరునాడు కాక మాకు చార్మినారు చూపించి, అక్కడి నుండి నడిపించుకుంటూ ప్యాలెస్‌కు తీసుకుపోయాడు.

గేటు దాటగానే అవ్వ చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది. "ఇది గుడి కాదు అవ్వా, రాజుల ఇల్లు" అన్నాను. "రాజుల ఇల్లయితే ఇంకా విడవాలె గదా" అన్నది. నేను చెప్పి చెప్పి మళ్ళీ తొడిగించాను.

ప్యాలెస్ చరిత్ర

'చౌ' అంటే నాలుగు. 'మహల్లా' అంటే మహళ్ళు. అఫ్జల్ మహల్, మహతాబ్ మహల్, తహనియత్ మహల్, అఫ్తాబ్ మహల్ అనేవి ఆ నాలుగు. దీని కట్టడం 1750లో సలాబత్ జంగ్ కాలంలో మొదలైంది. ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, అంటే 1857 నుండి 1869 మధ్యలో పూర్తయింది. ఒక ఇల్లు కట్టడానికి నూరేండ్ల పైన పట్టింది! మొదట ఇది 45 ఎకరాల్లో ఉండేది. ఇప్పుడు అందులో కొంతే మిగిలింది. దీన్ని బాగు చేసి కాపాడినందుకు 2010లో యునెస్కో అవార్డు వచ్చింది.

అన్నిటికన్నా పెద్దది ఖిల్వత్ అనే దర్బారు హాలు. అందులో పాలరాతి గద్దె ఉంది. నిజాములు దాని మీద కూర్చొని దర్బారు చేసేవారు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కింగ్‌కోఠిలో ఉండేవాడు, కాని పెద్ద పెద్ద వేడుకలు ఇక్కడే జరిగేవి. పైన 19 గాజు దీపాల గుత్తులు వేలాడుతున్నాయి. అవి బెల్జియం దేశపు గాజు. తమ్ముడు మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూసిండు.

ఇంకో సంగతి. మన గోండులకు కూడా రాజులు ఉండేవారు. వారి రాజధాని చాందా, అంటే ఇప్పటి చంద్రాపూర్. ఆ రాజ్యం 1751లో నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. ఇక్కడ ప్యాలెస్ మొదలైన మరుసటి ఏడే అక్కడ మన రాజ్యం పోయిందన్న మాట. ఈ రెండు సంవత్సరాలు పక్కపక్కన రాసుకుంటే మరచిపోరు.

బాపు అడిగిన ప్రశ్న

బాపు గద్దె ముందర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గోండిలో అడిగిండు, "ఇంత ఇంటికి పైసలు ఏడికెల్లి వచ్చినయి బిడ్డా?"

నాకు మన పాఠం గుర్తొచ్చింది. రాజుకు పైసలు పన్నుల నుండి వస్తాయి. మన అడవిలో పశువులను మేపితే పన్ను, కట్టెలు తెచ్చుకుంటే పన్ను ఉండేది. వాటిని ఎదిరించి కుమురం భీం జల్, జంగల్, జమీన్ మాది అన్నాడు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో అనుచరులతో పాటు చనిపోయాడు. ఇదంతా చెప్పాను. బాపు "అయితే మన బర్రెలు కూడా ఈ ఇంటికి రాయి మోసినట్టే" అన్నాడు. నవ్వుతూ అన్నాడు గాని మళ్ళీ మాట్లాడలేదు.

గాజు పెట్టెలో అక్షరాలు

ఇంకో గదిలో గాజు పెట్టెలో పాత రాతప్రతులు ఉన్నాయి. బాపు వంగి చూసి నా చెయ్యి పట్టుకున్నాడు. "మన కాగితం మీద గిట్లనే ఉంటయి" అన్నాడు.

మా ఇంట్లో దూలానికి వేలాడే డబ్బాలో ఒక కాగితం ఉంది. అది ముత్తాత నాటిది. పట్టా అని అందరం అంటాం. చదివినోళ్ళు మాత్రం మా ఇంట్లో ఎవరూ లేరు. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. తహసీలు, జిల్లా, రైతు అనే మాటలు కూడా ఆ దర్బారు నుండే మన నోటికి వచ్చాయని మా సాంఘికం సార్ చెప్పారు.

భీం చనిపోయిన తర్వాత మన సంగతి తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ అనే ఆయన వచ్చారు. తర్వాత ఎంతోమంది గోండులకు పట్టాలు ఇచ్చారు. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్ళకు శిక్షణ కేంద్రం పెట్టారు. మా కాగితం కూడా ఆ కాలందే కావచ్చని సార్ అన్నారు.

ఇప్పుడు మేము దున్నేది మూడెకరాలు. తాత ఒక షావుకారు దగ్గర వేలిముద్ర వేసినంక మిగతాది పోయిందని అవ్వ చెప్తుంది. అసలు ఎంత ఉండేదో ఎవరికీ తెలియదు. అది ఆ కాగితంలోనే ఉంటుంది కదా!

ఇంటికి రాగానే డబ్బా దించి చూశాను. నేను తెలుగు, హిందీ, ఇంగ్లీషు చదువుతాను. కాని ఆ కాగితంలో ఒక్క అక్షరం చదవలేకపోయాను. బాపు నా ముఖం వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఆసిఫాబాదులో ఉర్దూ చదివే పెద్దవాళ్ళు ఉన్నారట. దసరా సెలవుల్లో బాపు, నేను ఆ కాగితం పట్టుకొని పోతాం. వాళ్ళు చదివింది నేను తెలుగులో రాసుకొని, బాపుకు గోండిలో చెప్తాను.

నేను నేర్చుకున్నది ఇది: ప్యాలెస్ చూసేటప్పుడు గోడలు, దీపాలు మాత్రమే చూడవద్దు. ఎవరి పైసలతో కట్టినారని అడగాలి. అక్కడి కాగితాల్లో మన సంగతి ఏమి రాసినారో కూడా తెలుసుకోవాలి.

ప్రశ్నలు (జవాబులు నోటుబుక్కులో రాయండి)

1. చౌమహల్లా అంటే అర్థం ఏమిటి? నాలుగు మహళ్ళ పేర్లు రాయండి.
2. 1751లో ఏమి జరిగింది?
3. మార్లవాయిలో శిక్షణ కేంద్రం ఎప్పుడు పెట్టారు?
4. మీ ఇంట్లో పాత కాగితాలు ఉన్నాయా? అవి ఏ భాషలో ఉన్నాయి? సెలవులకు పోయినప్పుడు చూసి రండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని