మాస్కు అప్పుడే తీయకు

ఖమ్మం,
ఏప్రిల్ 14.

ప్రవీణ్,

వట్టినాగులపల్లిలో శిక్షణ పూర్తిచేసుకుని హైదరాబాద్‌లోని ఫైర్ స్టేషన్‌లో చేరావని అక్క ఫోన్ చేసి చెప్పింది. చెబుతూనే ఏడ్చింది. మా అమ్మ కూడా 1984లో నన్ను ఇలాగే పంపింది. ముప్పై మూడేళ్లు ఆ యూనిఫాం వేసుకుని, లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరైనవాణ్ని. నీకు ఆస్తి ఇవ్వలేను గానీ, నాకు ఆలస్యంగా తెలిసిన సంగతులు నీకు ముందే చెప్పగలను.

ఈ రోజు పొద్దున మీ స్టేషన్‌లోనూ అమరులకు నివాళి అర్పించి ఉంటారు. 1944లో ఇదే తేదీన బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిపోయింది. అందులో పత్తి బేళ్లు, వాటితోపాటు సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఉన్నాయి. మధ్యాహ్నం రెండు గంటల వేళ పొగ కనబడింది. నాలుగు దాటి ఆరు నిమిషాలకు పేలింది. ఆ రెండు గంటలూ ఓడను అక్కడే ముంచేయాలా, సముద్రంలోకి లాగేయాలా అన్నది తేల్చి చెప్పినవాళ్లు లేరు. మనవాళ్లు నీళ్లు కొడుతూనే ఉన్నారు. 66 మంది ఫైర్‌మన్లు పోయారు. హోస్ పట్టుకున్నవాళ్ల తప్పు అందులో ఏమీ లేదు. వెనక్కి రమ్మనే మాట వచ్చేసరికి ఆలస్యమైపోయింది. అందుకే ఆఫీసర్ బయటకు రమ్మంటే మారుమాట లేకుండా వచ్చేయ్. లోపల నీకు ఏం కనబడినా, గోడ బీటలు వారినా, గ్యాస్ సిలిండర్ కనబడినా, వెంటనే గట్టిగా చెప్పు. చిన్నవాణ్ని, నేనేం చెబుతానులే అనుకోకు.

ఇది నీకు శిక్షణలోనే చెప్పి ఉంటారు. నేను చెప్పాలనుకున్నది మంట ఆరిన తర్వాతి సంగతి.

నా సర్వీసు తొలి రోజుల్లో ఒక కోల్డ్ స్టోరేజీ తగలబడింది. లోపల వేల బస్తాల మిర్చి. మిర్చి మంట ఎలా ఉంటుందో మన జిల్లావాడివి, వేరే చెప్పనక్కర్లేదు. మంట పైకి కనబడదు, బస్తాల మధ్య రోజుల తరబడి రగులుతూనే ఉంటుంది. అమ్మోనియా గ్యాస్ కట్టేసి, గోడకు కన్నం కొట్టి నీళ్లు పెట్టాం. రెండోరోజుకు మంటలు లేవు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. పీల్చుకున్నది ఏమిటన్నది అప్పుడు ఎవరికీ పట్టలేదు. మాస్కు, గాలి సిలిండర్ ఉండే బీఏ సెట్లు ఉన్నవి రెండే. అవి కూడా బీరువాలో తాళం వేసి ఉంటే ఎవరూ అడగలేదు. మూతికి తడి తువ్వాలు కట్టుకుని మూడు రోజులు కాలిన బస్తాలు లాగాం. కళ్లు వాచిపోయాయి, దగ్గితే నల్లటి కఫం పడేది. నల్లబడ్డ కోటు తొడుక్కుని ఇంటికి వెళ్తే వీధిలో జనం గౌరవంగా చూశారు. ఆ కోటును మీ అత్తయ్య పిల్లల బట్టలతో కలిపి బండమీద ఉతికింది.

ఆ మూడు రోజులూ నా పక్కనే బస్తాలు లాగిన మిత్రుడు యాభై ఏళ్లు రాకముందే మూత్రాశయ క్యాన్సర్‌తో పోయాడు. ఆ పొగే కారణమని ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2022లో ఫైర్‌మన్ పనిని క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి గ్రూపులో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న జాబితా అది. మూత్రాశయ క్యాన్సర్‌కూ ఈ పనికీ సంబంధం ఉందనడానికి సరిపడా సాక్ష్యం ఉందని అందులో రాశారు. పేపర్లో అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

అందుకే అల్లుడూ, నా మాట ఒక్కటి పట్టించుకో. మంట ఆరాక శిథిలాలు తిరగేస్తున్నంతసేపూ మాస్కు తీయకు. అప్పుడే గాలి తేటగా కనిపిస్తుంది, అప్పుడే మనవాళ్లు మాస్కు తీస్తారు. కాలిన పరుపుల నుంచీ సోఫాల నుంచీ సైనైడ్ వాయువు వస్తూనే ఉంటుంది. వైర్ల తొడుగులు కాలితే యాసిడ్ పొగ. అన్నిటికీ మించి కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తాన్ని ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల దిమ్ముగా ఉందంటే వేలికి పెట్టే ఆక్సీమీటర్ తెస్తారు. అది 98 చూపించినా నమ్మకు. ఈ విషవాయువు పట్టిన రక్తాన్ని ఆ మామూలు మీటర్ మంచి రక్తమనే లెక్క వేస్తుంది. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉంటే ఆక్సిజన్ పెట్టించుకుని ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

మీ నగరంలో ఇప్పుడు బ్యాటరీ బళ్లు మరో గండం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో సెల్లార్‌లోని ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో మంట లేస్తే, పొగ మెట్ల మీదుగా పైన లాడ్జీలోకి పాకి ఎనిమిది మంది చనిపోయారు. మరుసటి ఏడాది మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకే ఉక్కిరిబిక్కిరై ఆరుగురు యువతీయువకులు పోయారు. చంపేది ఎక్కువగా పొగేనని వాళ్ల విషయంలో మనకు తెలుసు. మన విషయానికి వచ్చేసరికి మరిచిపోతాం. లిథియం బ్యాటరీ ఆరినట్టే ఆరి గంటల తర్వాత మళ్లీ అంటుకుంటుంది. దాని పొగ చర్మానికీ మంచిది కాదు. దాన్ని తిరగేసేటప్పుడు మొహం దగ్గర పెట్టకు.

పని ముగిశాక కోటు మీద ఉండగానే హోస్‌తో కడిగించుకో. మెడ, చెవుల వెనక, మణికట్లు, చంకలు, గజ్జలు స్టేషన్‌కు చేరగానే సబ్బుతో రుద్దుకో. మసి పైన కూర్చోవడమే కాదు, చర్మంలోంచి లోపలికి దిగుతుంది. ఆ చేతులతో టీ గ్లాసు పట్టుకోకు, బిస్కెట్ తినకు. కోటును మాత్రం ఇంటికి తేవద్దు. రేపు నీకు పెళ్లై, బిడ్డ పరుగెత్తుకొచ్చి కాళ్లు చుట్టేసుకుంటుంది. స్టేషన్‌లో వాషింగ్ మెషీన్ లేకపోతే అడుగు. ఇద్దరు ముగ్గురు కలిసి కాగితం మీద రాసి అడగండి. మేం అడగలేదు, అందుకే మాకు రాలేదు. మసి కోటు వీరత్వానికి గుర్తని ఎవరైనా సీనియర్ అంటే ఎదురు మాట్లాడకు, నీ పని నువ్వు చేసుకో.

గాలి లెక్క సంగతి. ఆరు లీటర్ల సిలిండర్‌లో 300 బార్ అంటే 1,800 లీటర్ల గాలి. కాగితం మీద అది నలభై అయిదు నిమిషాలు. బరువు మోస్తూ మూడంతస్తులు ఎక్కితే సగం కూడా రాదు. విజిల్ యాభై అయిదు బార్ దగ్గర మోగుతుంది. అది బయలుదేరమనే గుర్తు కాదు. అది మోగేసరికి నువ్వు బయట ఉండాలి. ఒంటరిగా లోపలికి పోకు. ఎంత ఏడుపు వినిపించినా సరే, జోడీ లేకుండా పోకు.

ఎండాకాలం మొదలైంది. గడ్డివాములు, చెత్తకుప్పలు, ట్రాన్స్‌ఫార్మర్లు, రోజుకు ఎన్ని కాల్స్ వస్తాయో లెక్క ఉండదు. అమెరికాలో విధుల్లో చనిపోయే ఫైర్‌మన్లలో సగానికి దగ్గరగా గుండె ఆగి పోయేవాళ్లేనట. మన ఎండలో, ఆ బరువు కోటులో, గుండె మీద ఎంత భారం పడుతుందో ఊహించు. సిలిండర్ మార్చుకునే ప్రతిసారీ కోటు విప్పి నీడలో కూర్చో, మోచేతుల దాకా చేతులు చల్లటి నీళ్ల బకెట్‌లో పెట్టు. ఒళ్లు తొందరగా చల్లబడుతుంది. మజ్జిగ దొరికితే తాగు, లేదంటే ఓఆర్‌ఎస్. ఏడాదికోసారి బీపీ, షుగర్, ఈసీజీ చూపించుకో. వయసులో ఉన్నాను కదా అనుకోకు.

ఇంకో మాట. కాల్‌కు వెళ్లినచోట గుంపును అడ్డుకుంటూ పోలీసు కానిస్టేబుళ్లు ఉంటారు. మీకు మాస్కులు ఉంటాయి. వాళ్ల దగ్గర చేతిరుమాలు తప్ప ఏమీ ఉండదు. అవే గంటలు, అదే పొగ. మన పెద్దల్లుడు ట్రాఫిక్ పోలీసుగా చేస్తున్నాడు కాబట్టి అతని దగ్గులో నాకు ఇది వినిపిస్తుంది. గాలి ఎటు వీస్తుందో నీకు తెలుస్తుంది. వాళ్లను గాలి వచ్చేవైపు నిలబడమని చెప్పు. సిలిండర్లు ఉన్న దుకాణమైతే గుంపుతోపాటు వాళ్లనూ ఇంకా దూరం జరగమను. నీకు పట్టేది ఒక్క నిమిషం.

చివరిది రాయడం నాకు కష్టం. ఒక ఎండాకాలం బావిలోంచి ఏడేళ్ల పిల్లాణ్ని తీశాను. బతకలేదు. వాడి చొక్కా గుండీలు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మీ అత్తయ్యకు కూడా. ఆరేళ్లు రాత్రిళ్లు తాగాను. చెప్పడానికి మనిషి లేక కాదు, చెబితే మగతనం పోతుందనుకుని. నీకూ అలాంటి రోజు వస్తుంది. ఆ రాత్రి నిద్ర రాకపోతే అది పిరికితనం కాదు. నీ జోడీతో మాట్లాడు. అతనికీ నిద్ర పట్టి ఉండదు. కొన్ని వారాలైనా తగ్గకపోతే టెలీ మానస్ ఉంది, 14416. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పడదు. నా రోజుల్లో ఆ నంబరు లేదు.

అక్కకు ఈ ఉత్తరం చదివి వినిపించకు, అనవసరంగా బెంగపడుతుంది. మొదటి పెద్ద కాల్ ముగిశాక, స్నానం చేసి, నాకు ఫోన్ చెయ్. అర్ధరాత్రి రెండైనా సరే, మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
మామయ్య