పాత చొక్కా వెనుక ఆరు గజాల పత్తి చేను: వాడిన బట్టలు ఎలా ఎంచుకోవాలి, ఎలా ఇవ్వాలి



పైన వీడియోలో నేను వేసుకున్న నీలం గళ్ల చొక్కా చూశారు కదా. "అన్నా, చొక్కా బాగుంది, ఎక్కడ కొన్నావ్?" అని మొన్న ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. కొనలేదు. అది మా బావది. ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం, కాస్త లావయ్యాడు, నాకు సరిపోయింది. అంతే కథ.

జీవామృతం, కషాయాలు చెప్పే చోట బట్టల ముచ్చట ఎందుకు అనుకోకండి. మనం పత్తి పండించేవాళ్లం. పొలంలో ఏదీ వృథా పోవద్దని చెప్పుకునేవాళ్లం. బీరువా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మాట మరిచిపోతాం. నేనూ మరిచిపోయాను. ఎలా గుర్తొచ్చిందో ముందు చెప్తా, తర్వాత పద్ధతి చెప్తా.

సంచి తిరిగొచ్చిన రోజు

రెండేళ్ల కింద దసరా ముందు ఇల్లు సర్దుతూ పాత బట్టలన్నీ ఒక తౌడు సంచిలో కుక్కాను. మా పొలంలో పత్తి ఏరడానికి వచ్చే ఒక అక్కకు ఇచ్చాను. మంచి పని చేశానని నా మనసులో నాకే సంతోషం. తెల్లారి పొలానికి పోతే ఆ సంచి మోటారు గది గోడకు ఆనించి ఉంది.

"ఏమైందక్కా, మరిచిపోయినవా?" అన్నాను.

"మరువలేదు తమ్మీ. మీ ఇంట్ల మసిగుడ్డకు పనికొచ్చేటివి మా ఇంటికి పంపిస్తివి. జిప్పు లేని ప్యాంటు మా పిలగాడు ఎట్ల తొడుగుతడు? కూలికొస్తం గానీ మాకూ సిగ్గుంటది గదా."

సంచి విప్పి చూశాను. గుండీలు ఊడిన చొక్కాలు రెండు, జిప్పు పోయిన ప్యాంటు, పసుపు పచ్చగా మారిన బనీన్లు. నాకు నోట మాట రాలేదు. ఆమె అక్కడితో ఆగలేదు. "మరి నువ్వు తొడుగుతవా వేరేటోళ్లు ఇడిసిన బట్టలు?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబుగానే నేను వాడిన బట్టలు వేసుకోవడం మొదలుపెట్టాను. మొదట్లో కష్టమే అనిపించింది. "చూసినోళ్లు పంట పోయిందనుకుంటరు, నీకేం ఖర్మరా" అని మా అమ్మ రెండు రోజులు సణిగింది. ఒక పెళ్లిలో చుట్టమొకాయన చొక్కా గుర్తుపట్టి "ఏం అల్లుడూ, ఈ యేడు పత్తి దెబ్బకొట్టిందా?" అన్నాడు. నవ్వేశాను గానీ లోపల చురుక్కుమంది. మన ఊళ్లలో ఇంకొకరి బట్ట వేసుకోవడమంటే లేనితనం. అసలు అడ్డం అదే, బట్ట కాదు.

ఒక చొక్కాకు ఎంత చేను?

డిప్లొమాలో నేర్చుకున్న లెక్క ఇక్కడ పనికొచ్చింది. మా వర్షాధార పత్తి ఎకరానికి సుమారు 7 క్వింటాళ్లు వస్తుంది. క్వింటా పత్తి జిన్నింగ్ చేస్తే వచ్చే దూది 34 కిలోల దాకా ఉంటుంది, మిగతాదంతా గింజే. అంటే ఎకరానికి 238 కిలోల దూది. వడకడంలో, నేయడంలో, కత్తిరింపులో నాలుగో వంతు దాకా తరుగు తీసేయండి. ఒక్కో చొక్కా పావు కిలోకు కాస్త తక్కువ అనుకుంటే ఎకరానికి 800 చొక్కాలు.

ఎకరం అంటే 4,840 చదరపు గజాలు. ఒక్క చొక్కాకు 6 చదరపు గజాల చేను, ఆరు నెలల పంట కాలం. కాయకు 4 గ్రాముల పత్తి చొప్పున చూస్తే ఒక చొక్కాకు 200 పైచిలుకు కాయలు కావాలి. అవన్నీ ఏ అక్కో ఎండలో నడుము వంచి చేత్తో ఏరినవే. ఆపైన అద్దకం నీళ్లు, మిల్లు కరెంటు, లారీ డీజిల్ వేరు.

సేంద్రియ పత్తితో నేసిన కొత్త చొక్కా మంచిదే, కాదనను. అయితే ఉన్న చొక్కాను ఇంకో నాలుగేళ్లు తొడిగితే ఆ ఆరు గజాల మీద, ఆ నీళ్ల మీద కొత్తగా ఏ భారమూ పడదు. నేల మీద భారం తగ్గించాలంటే ముందు చేయాల్సింది ఇదే.

తీసుకునే ముందు ఏం చూడాలి?

మొదట చుట్టాల దగ్గర, స్నేహితుల దగ్గర అడగండి. తర్వాత సంతల్లో, పట్నం పాత బట్టల అంగళ్లలో చూడండి. నేను చూసే వరుస ఇది:

1. బట్టను ఎండకు ఎదురుగా పట్టండి. మోచేయి, మోకాలు, తొడల మధ్య వెలుతురు జల్లెడలా కనబడితే వద్దు.
2. కాలర్ మడత, చంకల కింద కుట్టు చూడండి. కుట్టు విడితే బాగుచేయొచ్చు, బట్టే పలచబడితే చేయలేం.
3. జిప్పు నాలుగుసార్లు లాగండి. గుండీలు లెక్కపెట్టండి. గుండీ పోతే చవకే, జిప్పు మార్చాలంటే టైలర్ కూలి కూడా ధరలో కలుపుకోవాలి.
4. లోపలి బట్టలు మాత్రం కొత్తవే కొనండి.
5. నూలో, పాలిస్టరో తెలియకపోతే లోపలి అంచు నుంచి రెండు మూడు పోగులు లాగి, పటకారుతో పట్టుకుని, పక్కన నీళ్లు పెట్టుకుని అంటించండి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. రెండు లక్షణాలూ కనబడితే అది కలిపి నేసిన బట్ట.

ఇంటికి తెచ్చాక

తెచ్చినవి ఇంట్లో బట్టలతో కలపకండి. నూలు బట్టలైతే వేడి నీళ్లలో సబ్బుతో ఉతికి, తిరగేసి గట్టి ఎండలో ఆరేయండి. వేడి పడని బట్టలను ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూసి వారం రోజులు పక్కన పెట్టి, తర్వాత ఉతకండి. గజ్జి పురుగు మనిషి ఒంటికి దూరంగా ఎక్కువ రోజులు బతకదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా. పురుగుమందు కొట్టేటప్పుడు వేసుకున్న బట్టలు ఎవరికీ ఇవ్వొద్దు, ఎవరి దగ్గరా తీసుకోవద్దు. ఉతికినా మందు పూర్తిగా పోతుందన్న నమ్మకం లేదు. అవి వంటింటి గుడ్డగా గానీ, జీవామృతం వడకట్టడానికి గానీ వాడొద్దు. పత్తి ఊళ్లలో ఈ తప్పు నేను చాలాసార్లు చూశాను.

ఇచ్చేటప్పుడు

ఆ అక్క నేర్పిన సూత్రం ఒకటే: నేను రేపు తొడుక్కుని బయటికి పోగలిగితేనే ఇంకొకరికి ఇవ్వాలి. గుండీ కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి, "కావాలా?" అని ముందు అడిగి ఇవ్వాలి. వద్దంటే నొచ్చుకోవద్దు. 1999లో గూంజ్ సంస్థను మొదలుపెట్టిన అన్షు గుప్తా ఈ మర్యాదనే పట్టుకున్నారు. ఊరివాళ్లు బావి తవ్వుకున్నా, దారి బాగుచేసుకున్నా ఆ శ్రమకు ప్రతిఫలంగా బట్టలు, సామాన్లు ఇచ్చే పద్ధతి వాళ్లది. బిచ్చంలా పడేయరు. ఆయనకు 2015లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

తొడగడానికి పనికిరానివి వేరే కుప్ప పెట్టండి. "పాత బట్టలకు స్టీలు సామాన్లు" అని వచ్చేవాళ్లు కొన్ని తీసుకుంటారు. ఉన్ని బట్టలను చీల్చి మళ్లీ దారం తీసి దుప్పట్లు నేసే మిల్లులు హర్యానాలోని పానిపట్‌లో ఉన్నాయి.

చిరిగాక పొలంలో

నూలు చీర, ధోతి అయితే మనకు బంగారమే. జీవామృతం, దశపర్ణి కషాయం స్ప్రేయర్‌లో పోసే ముందు పాత నూలు ధోతిని రెండు మడతలు వేసి వడకట్టండి, నాజిల్ మూసుకుపోదు. విత్తనాల మూటలకు, అంటు కట్టడానికి పేలికలు పనికొస్తాయి. మెత్తబడిన చీరలతో బొంత కుట్టించండి, మా అవ్వ కుట్టిన బొంత ఇప్పటికీ మంచం మీదే ఉంది. చివరికి అచ్చం నూలు ముక్కలైతే, గుండీలు, జిప్పులు, కుట్టు దారం తీసి చిన్నగా కత్తిరించి కంపోస్టు గుంతలో వేయొచ్చు. కుట్టు దారం చాలావరకు పాలిస్టరే ఉంటుంది, అందుకే తీయమంటున్నా.

పాలిస్టర్ మాత్రం ఆచ్ఛాదనగా పరచొద్దు. అది మట్టిలో కుళ్లదు, పోగులు పోగులుగా నేలలోనే ఉండిపోతుంది. అడవి పందులకు చేను చుట్టూ చీరలు కడతాం కదా, వాటిలో ఎక్కువ పాలిస్టర్ చీరలే. ఎండకు పీలికలై రాలకముందే విప్పి తీసేయండి. నేను ఒక సీజన్ అశ్రద్ధ చేశాను, దున్నేటప్పుడు గొర్రుకు రంగురంగుల పీలికలు చుట్టుకున్నాయి.

చివరగా

పోయిన దసరాకు ఆ అక్కను ఇంటికి పిలిచి ఐదు జతలు ముందు పెట్టాను. అన్నీ తిప్పి చూసి రెండు తీసుకుంది, మూడు వద్దంది. మర్నాడు పనికి వస్తూ ఒక కవర్ తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టింది. "మా మనుమరాలికి పొట్టిగైంది, మీ పాపకు సరిపోతది" అంది. లోపల మడత నలగని పసుపు గౌను. గుండీలన్నీ ఉన్నాయి. మా అమ్మ ఒక్క మాట అనలేదు. ఆ గౌను ఇప్పుడు మా పాప బడికి సెలవున్న రోజల్లా వేసుకుంటోంది.

ఈ వారం మీ బీరువా తెరిచి రెండు కుప్పలు పెట్టి చూడండి: మీరే తొడగగలిగేవి ఒకటి, పొలానికి పోయేవి ఒకటి. ఏ కుప్ప పెద్దదైందో కామెంట్లో రాయండి. ధోతితో కషాయం వడకట్టే పద్ధతి వచ్చే వీడియోలో చూపిస్తా. ఉంటాను.