మసిగుడ్డ మళ్ళీ వంటింట్లోకి: ప్రశ్నలు - జవాబులు

నెల సరుకుల చీటీలో కందిపప్పు, నూనె, సబ్బుల పక్కన కిచెన్ రోలు, టిష్యూ డబ్బా చేరి చాలా కాలమైంది. వాటిని మానేసి గుడ్డ వాడాలనుకునేవాళ్ళు రాసిన ఉత్తరాల్లో పదిమందికీ పనికొచ్చే కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా ఇంట్లో నలుగురం. నెలకు నాలుగు కిచెన్ రోళ్ళు, మూడు టిష్యూ డబ్బాలు అయిపోతున్నాయి. రోలు 75, డబ్బా 50 రూపాయలు పడుతోంది. గుడ్డకు మారదామంటే ఉతికి వాడుకునే వంటింటి తువ్వాళ్ళని చెప్పి పన్నెండింటికి 900 అడుగుతున్నారు. అంత పెట్టి కొంటే నిజంగా ఏమైనా మిగులుతుందా?
- ఒక గృహిణి, గుంటూరు

జవాబు: మీరు రాసిన ధరల ప్రకారం నెలకు 450, ఏడాదికి 5,400 రూపాయలు తుడిచి పారేస్తున్నారు. 900 పెట్టి కొన్నా రెండు నెలల్లో ఆ డబ్బు తిరిగొస్తుంది. కానీ ఆ 900 కూడా పెట్టక్కర్లేదు.

బీరువా అడుగున మెత్తబడిపోయి, కట్టడానికి పనికిరాని నేతచీర ఒకటి ఉండే ఉంటుంది. చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు, పన్నా 45 అంగుళాలు. పదిహేను అంగుళాల చదరాలుగా కత్తిరిస్తే వరసకు మూడు చొప్పున పద్నాలుగు వరసలు, మొత్తం 42 గుడ్డలు. కుచ్చిళ్ళ కింద మడమ తగిలి చిరిగిన చోటు, జరీ ఉన్న పైటకొంగు తీసేసినా ముప్పైకి తగ్గవు. అంచులు మడిచి కుట్టించాలి, లేకపోతే రెండు ఉతుకులకే పోగులు ఊడి వస్తాయి. మరీ పల్చటి చీరైతే రెండు ముక్కలు కలిపి కుట్టిస్తే నిలుస్తాయి.

చీర నూలుదో కాదో అనుమానమైతే అంచులోంచి ఒక పోగు లాగి, సింకు దగ్గర నిలబడి వెలిగించి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక గట్టి ఉండ కడుతుంది. ఆ ఉండ కనిపిస్తే ఆ చీర తుడవడానికి పనికిరాదు. పాత చీరలు లేనివాళ్ళు ఆప్కోలోనో, ఊళ్ళోని చేనేత సహకార సంఘం దుకాణంలోనో దొరికే మామూలు నూలు తువ్వాళ్ళు కొనుక్కోవచ్చు. ఒక్కో తువ్వాలు నాలుగు ముక్కలవుతుంది.

ఇంకొక సంగతి. గుడ్డలు సిద్ధం చేసుకున్నాక కూడా రోలు ఖర్చు తగ్గని ఇళ్ళున్నాయి. రోలేమో గట్టు మీద ఉంటుంది, గుడ్డలేమో అలమరలో ఉంటాయి. పాలు ఒలికిన క్షణాన చెయ్యి దగ్గరున్న దాని మీదికే పోతుంది. కాబట్టి మడిచిన గుడ్డల బుట్టను రోలు ఉండే చోట పెట్టి, రోలును అలమరలోకి పంపాలి. వాడిన గుడ్డలకు సింకు కింద ఒక చిల్లుల బుట్ట ఉండాలి. మూత ఉన్న డబ్బా అయితే రెండో రోజుకే ముక్కవాసన వస్తుంది.

ప్రశ్న: తానులోంచి రెండు మీటర్ల నూలు గుడ్డ చింపించి ముక్కలు కుట్టించాను. నీళ్ళు పీల్చుకోవడం లేదు, పక్కకు నెట్టేస్తోంది. మోసపోయానా?
- ఒక ఉపాధ్యాయిని, అనంతపురం

జవాబు: గుడ్డ మంచిదే అయ్యుంటుంది. మగ్గం మీద పడుగు నూలు తెగకుండా గంజి పట్టించి నేస్తారు. ఆ గంజి, పత్తిలో సహజంగా ఉండే మైనం కలిసి నీటిని లోపలికి పోనివ్వవు. వేడినీళ్ళలో కొంచెం వాషింగ్ సోడా వేసి రాత్రంతా నానబెట్టి ఉతకండి. ఇలా మూడు నాలుగు ఉతుకులు పడాలి. తర్వాత గుడ్డ మీద ఒక్క నీటిచుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే ఇంకా గంజి ఉన్నట్టు, వెంటనే ఇంకి మరకలా పరుచుకుంటే గుడ్డ తయారైనట్టు.

ఈ గుడ్డలకు ఫాబ్రిక్ కండిషనర్ వాడకూడదు. అది పోగు మీద పల్చటి పూత పూసి, పీల్చే గుణాన్ని మళ్ళీ తగ్గిస్తుంది. పాత చీర, పాత పంచె మొదటి రోజు నుంచే బాగా పనిచేయడానికి కారణం ఏళ్ళ తరబడి పడ్డ ఉతుకులే.

ప్రశ్న: గారెలు, పకోడీలు తీయగానే నూనె పీల్చడానికి టిష్యూ తప్పదు కదా? మా అమ్మ న్యూస్‌పేపరు పరిచేది. అది మంచిది కాదంటున్నారు.
- ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: న్యూస్‌పేపరు వద్దు. అచ్చు సిరాలోని రసాయనాలు వేడి నూనెతో కలిసి తినే పదార్థంలోకి దిగుతాయని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చాలాసార్లు హెచ్చరించింది. 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనల్లో ఆహారాన్ని న్యూస్‌పేపర్లో చుట్టడాన్నీ, అందులో పెట్టడాన్నీ నిషేధించారు కూడా.

ఇక టిష్యూ సంగతి. గారె నూనెలో ఉన్నంతసేపు లోపలి నీరు ఆవిరై బయటికి తోస్తూ ఉంటుంది కాబట్టి నూనె లోపలికి పెద్దగా పోదు. మూకుట్లోంచి తీసి చల్లారుతున్నప్పుడు లోపలి ఆవిరి కుదించుకుపోయి, పైన అంటి ఉన్న నూనెను లోపలికి లాగేస్తుంది. అంటే తీసిన మొదటి నిమిషంలోనే నూనె కారిపోవాలి. గారెలను చిల్లుల గరిటెతో మూకుడు పైనే కాసేపు పట్టుకుని, తర్వాత పళ్ళెం మీద పెట్టిన చిల్లుల గిన్నెలో విడివిడిగా పేర్చండి. టిష్యూ మీద గుట్టగా పోసిన గారెలు తమ నూనెలోనే, తమ ఆవిరిలోనే మెత్తబడతాయి. చిల్లుల గిన్నెలోవి కరకరలాడతాయి. కింద పళ్ళెంలో చేరిన నూనె ఆ పూట పోపుకు పనికొస్తుంది.

ఈ ఒక్క పనికి మాత్రం గుడ్డ కూడా వద్దు. నూనె పట్టిన గుడ్డ ఎంత ఉతికినా జిడ్డు పూర్తిగా వదలదు, తర్వాత నీళ్ళూ పీల్చదు.

ప్రశ్న: చికెన్, చేపలు కడిగిన గట్టును గుడ్డతో తుడవాలంటే భయం. కాగితమే శుభ్రం కాదా?
- ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ భయంలో నిజముంది. మారిషస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక నెలపాటు వాడిన వంద వంటింటి తువ్వాళ్ళను పరీక్షించి 2018లో ఫలితాలు వెల్లడించారు. వాటిలో 49 గుడ్డల్లో బ్యాక్టీరియా పెరిగింది. చేతులకూ, గిన్నెలకూ, గట్టుకూ ఒకే గుడ్డ వాడిన చోట, గుడ్డ తడిగా ఉండిపోయిన చోట ఈ.కోలై ఎక్కువగా కనిపించింది.

గుడ్డ వాడకూడదని దీనర్థం కాదు. ఒకే గుడ్డను అన్నిటికీ వాడకూడదు, తడిగా వదలకూడదు. కొందరు అంచు కుట్టేటప్పుడే మూల మీద రంగు దారంతో గుర్తు వేస్తారు: చేతులకు తెలుపు, గిన్నెలకు నీలం, గట్టుకూ పొయ్యికీ ఎరుపు. ఇంట్లో ఎవరు వచ్చి పట్టుకున్నా ఏది దేనికో మళ్ళీ అడగక్కర్లేదు. చేతి గుడ్డ, గట్టు గుడ్డ ఏ రోజువి ఆ రోజు మార్చాలి. వాడిన గుడ్డను ఉండ చుట్టి సింకు మూల పడేయకుండా కొక్కేనికి విప్పి తగిలించాలి. వారానికొకసారి అన్నింటినీ మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉంచి ఎండలో ఆరేస్తే చాలు. ఏప్రిల్, మే ఎండల్లో పల్చటి నూలు గుడ్డ గంటలో పెళపెళలాడుతుంది. అసలు కష్టం వానాకాలంలోనే. అప్పుడు గుడ్డలు రెట్టింపు సంఖ్యలో ఉండాలి, ఫ్యాను కింద ఆరబెట్టాలి.

పచ్చి మాంసం రసం, వాంతి, పెంపుడు జంతువుల మలం వంటి వాటికి కాగితం వాడి చెత్తబుట్టలో వేయడమే మంచిది. ఇంట్లో ఎవరికైనా జలుబు, ఫ్లూ ముదిరినప్పుడు కూడా అంతే. అలాంటి వాటికని నెలకు ఒక్క రోలు ఉంచుకుంటే గుంటూరు ఇంటి లెక్కలోనూ మిగతా 375 మిగులుతాయి.

ప్రశ్న: మా పాపకు నాలుగో నెల. రోజుకు ఆరు డైపర్లు, ఒక్కోటి పది రూపాయలు. మా అత్తగారు లంగోటీలే మేలంటున్నారు. వచ్చే నెల నేను ఉద్యోగంలో చేరాలి. ఏం చేయాలి?
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: ఇద్దరి మాటా నెగ్గే దారి ఉంది. పగలు లంగోటీలు, రాత్రికీ ప్రయాణానికీ డైపర్లు. నాలుగు డైపర్లు తగ్గినా రోజుకు 40, నెలకు 1,200 రూపాయలు. దీనికి వేరే లెక్కలేమీ అక్కర్లేదు, మీ దుకాణం రశీదు చాలు. ఒక పాతిక, ముప్పై గుడ్డలు ఉంటే ఒక రోజు ఉతుకు ఆలస్యమైనా ఇబ్బంది ఉండదు.

మలం ఉన్న గుడ్డను ముందు మరుగుదొడ్డిలో దులిపి, చన్నీళ్ళతో జాడించి, తర్వాత వేడినీళ్ళ ఉతుక్కి వేయాలి. ముందే వేడినీళ్ళు పోస్తే మరక పోగులో పాతుకుపోతుంది. లంగోటీ పైన ప్లాస్టిక్ నిక్కరు తొడగడం వల్ల తడి లోపలే నిలిచి చర్మం ఎర్రబడుతుంది. డైపరులోని జెల్ తడిని లోపలికి లాగి పట్టి ఉంచుతుంది, గుడ్డ అలా చేయదు. అందుకని తడిసిన వెంటనే మార్చగలిగే మనిషి ఇంట్లో ఉన్నప్పుడే లంగోటీ మంచిది. మీ అత్తగారికి ఆ ఓపిక ఉంటే పాపకు అదృష్టమే. ఆమెకు నడుము నొప్పో, మోకాళ్ళ నొప్పో ఉంటే మాత్రం లంగోటీలను రోజుకు రెండుకు తగ్గించండి. దద్దుర్లు రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించాలి.

పర్యావరణం మాటకొస్తే, 2008లో ఇంగ్లండ్, వేల్స్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ కట్టిన లెక్క తెలుసుకోదగ్గది. ఒక బిడ్డకు రెండున్నరేళ్ళలో డైపర్ల వల్ల వెలువడే కర్బన ఉద్గారాలు సుమారు 550 కిలోలు, గుడ్డల వల్ల 570 కిలోలు. దాదాపు సమానం! నీళ్ళు కాచడం, మిషన్లో ఆరబెట్టడమే గుడ్డల భారాన్ని పెంచింది. మిషను నిండా వేసి ఉతికి, దండెం మీద ఆరేసి, అవే గుడ్డలు రెండో బిడ్డకూ వాడితే ఆ భారంలో సుమారు 200 కిలోలు తగ్గుతాయని అదే నివేదిక చెప్పింది. విజయవాడ డాబా మీద ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ కాస్తూనే ఉంటుంది కాబట్టి ఈ లెక్క మీకు అనుకూలమే.

వాడిన డైపర్లను కాలవలోనో, ఖాళీ స్థలంలోనో పడేయొద్దు. చుట్టి ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు.

ప్రశ్న: ఇక్కడ అమెరికాలో పేపర్ టవల్ లేని వంటిల్లు కనిపించదు. అపార్ట్‌మెంట్లో బయట బట్టలు ఆరేయనివ్వరు. గుడ్డకు మారడం కుదిరేదేనా?
- ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: కుదురుతుంది. పేపర్ టవల్ అమెరికాలోనూ అనాదిగా ఉన్నదేమీ కాదు. ఫిలడెల్ఫియాకు చెందిన స్కాట్ పేపర్ కంపెనీ దాన్ని 1907 ప్రాంతంలో తెచ్చింది. వంటింటి రోలుగా దుకాణాల్లోకి వచ్చింది 1931లో. క్లీనెక్స్ 1924లో వచ్చినప్పుడు దాని పని ముఖం మీది కోల్డ్ క్రీమ్ తుడవడం. జేబురుమాలు స్థానంలో దాన్ని ప్రచారం చేసింది ఆ తర్వాతే. అంతకుముందు అక్కడి ఇళ్ళలోనూ పిండి సంచుల గుడ్డతోనే తుడుచుకునేవాళ్ళు. ‘ఫ్లౌర్ శాక్ టవల్స్’ పేరుతో పల్చటి నూలు తువ్వాళ్ళు ఇప్పటికీ అక్కడి దుకాణాల్లో చవగ్గా దొరుకుతాయి.

గుడ్డలకోసం విడిగా మిషను తిప్పక్కర్లేదు. పాత చీర ముక్కలు ఇరవై కలిపినా బరువు సుమారు 300 గ్రాములు, ఒక స్నానపు తువ్వాలంత. మామూలు ఉతుక్కే కలిసిపోతాయి. ఆరబెట్టడానికి మడత స్టాండు చాలు. చలికాలంలో హీటరు వేసిన ఇంటి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పల్చటి గుడ్డ రాత్రికి రాత్రి ఆరిపోతుంది. డ్రైయర్లో వేయాల్సి వస్తే సువాసన షీట్లు వేయకండి, వాటి పూత వల్ల గుడ్డ నీళ్ళు పీల్చదు. నూనె తుడిచిన గుడ్డలు మాత్రం డ్రైయర్లో వేయనే వేయకూడదు. వేడికి నూనె దానంతటదే రాజుకుని మంటలు లేచే ప్రమాదం ఉంది.

ప్రశ్న: గృహప్రవేశానికి మూడు వందల మంది వస్తారు. చేతులు తుడుచుకోవడానికి టిష్యూలకు బదులు తువ్వాలు కట్టిస్తే?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు. మూడు వందల మంది ఒకే తడి తువ్వాలుకు తుడుచుకోవడం కంటే టిష్యూ నయం. ఇంట్లో పాతిక మంది భోజనాలైతే తలా ఒక గుడ్డ పెట్టడం బాగుంటుంది.

ప్రశ్న: మావారు కాగితం బంద్ అన్నారు. పొదుపంతా ఆయన ఖాతాలో, ఉతుకుడంతా నా నెత్తిన. రోజుకు పది గుడ్డలు ఎక్కువయ్యాయి.
- ఒక గృహిణి, నిజామాబాద్

జవాబు: ఈ ఉత్తరం ఇళ్ళలో మగవాళ్ళందరూ చదవాల్సింది. కాగితం రోలు కొన్నప్పుడు ఆ డబ్బులో కొంత పని కూడా కొంటున్నాం. రోలు మానేస్తే ఆ పని ఎవరో ఒకరు చేయాలి. అది చెప్పాపెట్టకుండా ఒక్క ఆడమనిషి చేతుల మీదికి రావడం అన్యాయం.

కాబట్టి గుడ్డలు మొదలుపెట్టిన మనిషే వాటి పూచీ తీసుకోవాలి. సింకు కింది బుట్ట రోజూ మిషన్లో వేయడం, దండెం మీద వేయడం, మడిచి మళ్ళీ గట్టు మీది బుట్టలో పెట్టడం మీవారి వంతు. ఎవరి జేబురుమాలు వాళ్ళే స్నానానికి వెళ్ళినప్పుడు ఉతుక్కోవాలి. పదేళ్ళు దాటిన పిల్లలకు ఇది బరువేం కాదు. చేత్తో ఉతికే ఇల్లయితే రోజుకు నాలుగు గుడ్డల కంటే పెంచకండి, మిగతా పనికి రోలే వాడండి.

ఇంటిపనికి వచ్చే ఆమె చేత ఉతికిద్దామనుకుంటే ముందు ఆమెను అడగాలి. పని పెరిగింది కనుక జీతమూ పెరగాలి. నెలకు నాలుగు వందలు మిగిలే ఇంట్లో అందులోంచి రెండు వందలు ఆమెకు ఇచ్చినా మీకింకా రెండు వందలు మిగులుతాయి.