వృత్తి పరిచయం: క్వాంటం ప్రయోగ పరిశోధకులు

లక్ష్యాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వజ్రంలోని లోపం క్యూబిట్‌గా ఎలా పనికివస్తుందో చెప్పగలుగుతారు;
• ఈ వృత్తికి చేర్చే చదువుల మెట్లను గుర్తించగలుగుతారు.

1. పరిచయం
సూరత్‌లోని అడాజన్‌లో నివసిస్తూ, తాపీ నది వంతెన దాటి కతార్‌గామ్‌కు వజ్రాలకు సానపట్టే పనికి వెళ్ళే యువకుడిని ఊహించండి. రాయిని భూతద్దం కింద పెట్టి అతడు మొదట వెతికేది లోపాన్నే. లోపం ఉంటే ధర తగ్గుతుంది. కాని ఒక రకమైన లోపాన్ని కోరి వెతికేవారూ ఉన్నారు. వారే క్వాంటం ప్రయోగ పరిశోధకులు.

2. లోపం ఎలా పనికివస్తుంది?
వజ్రం కార్బన్ పరమాణువుల అమరిక. ఒక కార్బన్ స్థానంలో నైట్రోజన్ చేరి, దాని పక్క స్థానం ఖాళీగా ఉంటే, ఆ జంటను నైట్రోజన్-ఖాళీ కేంద్రం అంటారు. అందులోని ఎలక్ట్రాన్ల స్పిన్‌ను క్యూబిట్‌గా వాడవచ్చు. మామూలు బిట్ విలువ 0 లేదా 1. క్యూబిట్ ఆ రెండింటి కలయిక స్థితిలో కూడా ఉండగలదు. కొలిస్తే మాత్రం 0 గానో 1 గానో తేలుతుంది.

ఈ కేంద్రంపై ఆకుపచ్చ లేజర్ కాంతి పడితే ఎర్రని కాంతి వస్తుంది. దాని తీవ్రతను బట్టి స్పిన్ స్థితి తెలుస్తుంది. సుమారు 2.87 గిగాహెర్ట్జ్ మైక్రోతరంగాలతో ఆ స్థితిని మారుస్తారు. అతివాహక క్యూబిట్లను పరమశూన్య ఉష్ణోగ్రత (−273.15 డిగ్రీల సెల్సియస్) దగ్గరకు చల్లబరచాలి. వజ్రంలోని కేంద్రాలు గది ఉష్ణోగ్రతలోనే పనిచేస్తాయి. అయితే వీటిని పెద్ద సంఖ్యలో కలిపి కంప్యూటరుగా నడపడం ఇంకా కష్టమే.

3. రోజువారీ పని
అద్దాలను సవరించి లేజర్ కిరణాన్ని సరిచేయడం, తీగలు అతకడం, ప్రోగ్రాం రాయడం, ఒకే కొలతను వేలసార్లు తీసి సగటు కట్టడం. సానపట్టే పనిలాగే దీనికీ నిలకడైన చేయి, ఓర్పు కావాలి. ఆపైన గణితం, భౌతికశాస్త్రం తప్పనిసరి.

4. చదువుల మెట్లు
ఇంటర్ స్థాయి తరువాత బి.ఎస్సీ. (3 ఏళ్ళు), ఎం.ఎస్సీ. (2 ఏళ్ళు), పిహెచ్.డి. (సుమారు 5 ఏళ్ళు). బి.టెక్. ద్వారా కూడా రావచ్చు. కస్తూరీ సాహా అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. చేసి, ఎం.ఐ.టి.లో పరిశోధన సాగించి, ఐ.ఐ.టి. బొంబాయిలో ఆచార్యులయ్యారు. ఈ కేంద్రాలతో అయస్కాంత క్షేత్రాలను చిత్రించే సూక్ష్మదర్శినిని ఆమె బృందం తయారుచేసింది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది.

గుర్తుంచుకోండి: సార్వత్రిక విద్యలో చేరినంత మాత్రాన ఈ దారి మూసుకుపోదు. సీనియర్ సెకండరీలో భౌతికశాస్త్రం, గణితం వదిలేస్తే మాత్రం మూసుకుపోతుంది. సులువైన విషయాలు ఎంచుకునే ముందు ఆలోచించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. నైట్రోజన్-ఖాళీ కేంద్రం అంటే ఏమిటి?
2. అతివాహక క్యూబిట్లకంటే దీనికున్న సౌలభ్యం ఏది?
3. మీరు ఎంచుకున్న విషయాలు ఏ ఏ డిగ్రీలకు దారితీస్తాయి? రాయండి.