వీలునామా యాస్తి: లెక్క నడుగు హక్కు

మన సంఘపు లెక్కలను ప్రతి సభ్యుడును అడిగి చూచును. ఇంటిపెద్ద వీలునామా వ్రాసి గతించినప్పుడు మాత్రము, ఆ యాస్తి లెక్క నడుగుటకు భార్యయు ఆడబిడ్డలును సంకోచింతురు. ఇది తగదని మా మనవి.

వీలునామా రుజువైనదని కోర్టువా రిచ్చు పత్రమే ప్రొబేటు. దానిని పొందిన ఎగ్జిక్యూటరు ఆస్తిని నిర్వహించువాడే కాని, అందువలన దానికి సొంతదారుడు కాడు. 1925 సంవత్సరపు భారత వారసత్వ చట్టము 317వ సెక్షను ననుసరించి, ప్రొబేటు పొందిన 6 మాసములలో ఆస్తియు, రావలసిన బాకీలును చూపు పట్టికను, సంవత్సరములోపల జమాఖర్చు లెక్కను అతడు కోర్టులో దాఖలు చేయవలెను. కోర్టువారు గడువు పెంచవచ్చును.

కావున వీలునామా వలన హక్కుగలవారు మొదట వ్రాతమూలముగ లెక్క నడుగవలెను. కౌలు, ధాన్యపు విక్రయము, తీర్చిన యప్పులు, వీనికి రశీదులు చూడవలెను. జవాబు రానిచో కోర్టు నాశ్రయింపవచ్చును. తగిన కారణము లేక బుద్ధిపూర్వకముగ లెక్క దాఖలు చేయకున్నను, ముఖ్యవిషయమున తప్పులెక్క యిచ్చినను, 263వ సెక్షను క్రింద ప్రొబేటు రద్దు కావచ్చును.

లెక్క నడుగుట నిందమోపుట కాదు. నిజాయితీగల నిర్వాహకునకు ఆ లెక్కయే రక్ష.