సమత్వరణ లెక్కలు – మన రైలు పట్టాలు



హాస్టల్లో మేము సూత్రాలు బట్టీ పట్టాం. లెక్క ఇస్తే తెల్లముఖం వేశాం. కారణం, తెలిసినవి ముందు రాసుకోకపోవడమే.

ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కు గంటకు 72 కి.మీ. వేగంతో రైలు వస్తోందనుకుందాం. 5/18తో గుణిస్తే తొలివేగం (యు) సెకనుకు 20 మీ. బ్రేకు వేస్తే ప్రతి సెకనుకూ వేగం 0.5 మీ. చొప్పున తగ్గిందనుకుంటే త్వరణం (ఏ) = −0.5. రుణ గుర్తు మరువరాదు. ఆగితే తుదివేగం (వి) సున్న. కాలం ఇవ్వలేదు కనుక కాలం లేని సూత్రమే వాడాలి:

వి² = యు² + 2ఏఎస్
0 = 400 − ఎస్
ఎస్ = 400 మీ.

డ్రైవరుకు 100 మీ. దూరంలో మనిషి కనబడితే? వి² = 400 − 100 = 300. మనిషిని చేరేసరికి వేగం ఇంకా గంటకు సుమారు 62 కి.మీ.!

గేటు పడ్డాక పట్టాలు దాటకండి. మీ చదువు కోసం ఇంటిల్లిపాదీ ఎదురు చూస్తున్నారు.