పసివానికి వేరు పక్క

"అయ్యా! బాబుకు రెండున్నర యేండ్లు. నా చెంగు పట్టుకొననిదే కన్ను మూయడు. నాకిప్పుడు ఆరవ నెల. వానిని వేరుగా పడుకోబెట్టుట ఎట్లు?"

జనగామలోని నా వైద్యశాలకు వచ్చు తల్లులు తరచుగా అడుగు ప్రశ్న ఇది. మహబూబాబాద్ నుండి, భూపాలపల్లి బొగ్గుగనుల కాలనీల నుండి వచ్చువారిదీ ఇదే మాట. పూర్వం మన ఇండ్లలో బిడ్డ తొట్టెల నుండి తల్లి పక్కకు, అక్కడినుండి నాయనమ్మ పక్కకు చేరెడివాడు. నేడు పెద్దలు ఊరిలో, కొడుకు కోడలు పట్నంలో ఉన్నచోట ఆ నడిమి మెట్టు లేదు. ఆ మెట్టును తల్లిదండ్రులే కట్టవలసియున్నది.

మొదట ఒక మాట. తల్లి పక్కన పడుకొనుట పసివాని దోషం కాదు, రోగమూ కాదు. ఇంటి అవసరాన్నిబట్టి మార్పు చేయవచ్చును; తొందర మాత్రం పనికిరాదు.

శాస్త్రం చెప్పునది

చరక సంహిత ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అను మూడింటిని శరీరాన్ని నిలుపు ఊతలుగా పేర్కొన్నది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం 1–2 ఏండ్ల బిడ్డకు పగటినిద్రతో కలిపి 11 నుండి 14 గంటలు, 3–4 ఏండ్ల బిడ్డకు 10 నుండి 13 గంటల నిద్ర అవసరం. చరకుడు శారీరస్థానంలో పసివాని గది, పక్క ఎట్లుండవలెనో వివరించి, పక్క మెత్తగా, తేలికగా, శుభ్రంగా ఉండవలెనన్నాడు. ఏడ్చినను, మాట విననప్పుడైనను రాక్షసుల, పిశాచాల పేర్లు చెప్పి బిడ్డను భయపెట్టరాదనియు అక్కడనే హెచ్చరించినాడు.

నేను చేసిన పొరపాటు

ఈ భాగాన్ని గురుకులంలో కంఠస్థం చేసితిని గాని, దాని విలువ తరువాతనే తెలిసినది. సుమారు ముప్పది యేండ్ల క్రిందట ఒక తల్లికి, "నాలుగు రాత్రులు ఏడ్చి ఊరకుండును, తలుపు వేయుడమ్మా" అని చెప్పితిని. ఇంటిలోని పెద్దామె "బూచివాడు వచ్చును, పడుకో" అని తోడు పలికినది. మూడవ రాత్రికి బిడ్డ ఏడ్పు మానినాడు. నా సలహా ఫలించినదని సంతోషించితిని. పదిదినాలకు వారు మరల వచ్చిరి. బిడ్డ పగలు కూడా ఆ గదిలో అడుగు పెట్టుటలేదు, నిద్రలో ఉలికిపడుచున్నాడు, మానిన పక్కతడుపుట మరల మొదలైనది. తండ్రి రెండునెలలు ఆ గదిలో చాప వేసుకొని పడుకొనిన పిమ్మట గాని ఆ భయం తీరలేదు. బిడ్డలందరికీ ఇట్లే అగునని చెప్పను. అయితే ఏడ్పు ఆగుట వేరు, భయం పోవుట వేరని ఆనాడు నేర్చుకొంటిని.

ఆచరింపవలసిన క్రమం

1. కాలం: రెండవ కాన్పుకు రెండుమూడు నెలల ముందే మొదలుపెట్టవలెను. లేనిచో కాన్పు తరువాత ఇల్లు కుదుటపడువరకు ఆగవలెను. చంటిపాప వచ్చిన వారంలోనే మార్చినచో, తన చోటు పాప లాగుకొన్నదని పెద్దబిడ్డ తలచును. జ్వరం, పాలు మాన్పించుట ఉన్న రోజులలో వద్దు. తండ్రికి రాత్రి షిఫ్టు ఉన్న ఇంటిలో, అతడు పగటి షిఫ్టులో ఉన్న వారంలో ఆరంభించుట మేలు.

2. పక్క: ఎత్తు తక్కువ మంచంగాని, నేలమీద పరుపుగాని తల్లి మంచానికి ఆనించి వేయవలెను. తల్లి వాడిన పాత చీరను పరుపుపై బిగువుగా పరచినచో ఆ వాసన బిడ్డకు ధైర్యం. దోమతెర తప్పనిసరి. మొదట పగటినిద్ర అక్కడ అలవాటు చేసి, తరువాత రాత్రి పడుకోబెట్టవలెను. ఆపై వారానికొక జానెడు చొప్పున పక్కను దూరం జరుపవలెను.

3. రాత్రి: పడుకొనుటకు గంట ముందే టీవీ, ఫోను కట్టివేయవలెను. గోరువెచ్చని నీటితో ఒళ్లు తుడిచి, అరికాళ్లకు కొద్దిగా నువ్వులనూనె మెల్లగా మర్దించవలెను. పిమ్మట ఒక కథ, ఒక జోలపాట, మినుకుమను దీపం. ప్రతిరాత్రి ఇదే వరుస.

4. నడిరాత్రి లేచివచ్చినచో: కోపపడక, ఎక్కువ మాటలాడక, చేయిపట్టి తన పక్కకు తీసికొనిపోయి, కన్ను మూతపడువరకు రొమ్ముపై చేయివేసి కూర్చుండవలెను. ఒకనాడు గదమాయించి, మరునాడు పక్కలోకి తీసికొనుట వలన బిడ్డకు ఏది నిజమో తెలియదు.

మందులు వద్దు

నిద్ర కొరకు జాజికాయ అరగదీసి నాకించుట, గసగసాల పాలు పట్టుట కొన్ని ఇండ్లలో ఇంకను కలదు. పసివారికి ఇవి ప్రమాదకరం. నల్లమందు ప్రాణాంతకం. ప్రకటనలు చూచి నిద్రమందులు కొనవద్దు.

బిగ్గరగా గురక, నిద్రలో ఊపిరి ఆగినట్లుండుట, ఆసనం వద్ద రాత్రివేళ దురద, చెవిపోటు ఉన్నచో అది అలవాటు సంగతి కాదు, వైద్యునికి చూపవలెను.

కొందరికి మూడువారాలు, కొందరికి మూడునెలలు పట్టును. పొరుగింటి బిడ్డతో పోల్చకుడు. పిలిచినచో అమ్మ పలుకునను నమ్మకం కుదిరిన బిడ్డ, పిలువకనే నిద్రించుట తానే నేర్చుకొనును.